పాత కారుకు నైలాన్ టైర్లా, రేడియల్సా?

మా బాబాయి దగ్గర 1969 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. చెన్నై టి. నగర్‌లో మా ఇంటి పోర్టికోలో ఉంటుంది. బాబాయికి ఇప్పుడు 78 ఏళ్లు. బండి నడపడం నా వంతు, పక్క సీట్లో కూర్చుని ఇంజను చప్పుడు వినడం ఆయన వంతు.

పోయిన ఏడాది టైర్లు మార్చాల్సి వచ్చింది. అరిగిపోయి కాదు, నేలను తాకే రబ్బరు బటన్లు నిండుగానే ఉన్నాయి. ఒకరోజు గాలి చూస్తూ సైడ్ వాల్‌ని, అంటే టైరు పక్క గోడని, బొటనవేలితో నొక్కితే రబ్బరు మీద వెంట్రుకంత సన్నటి చీలికలు తెరుచుకున్నాయి, వేలు తీస్తే మూసుకున్నాయి. మిగతా మూడూ అంతే. తేదీ చూస్తే 3108 అని ఉంది, అంటే 2008లో 31వ వారం. ఏడాదికి 1,000 కిలోమీటర్లు కూడా తిరగని బండికి టైరు అరగదు, ఎండకీ గాలికీ ముసలిదైపోతుంది.

ఏ టైర్లు వెయ్యాలన్న దగ్గర ఇంట్లో వాదన మొదలైంది. "ఒరే, ఈ బండి పుట్టిందే నైలాన్ టైర్ల మీద. మళ్ళీ అవే వెయ్యి" అన్నాడు బాబాయి. జనరల్ ప్యాటర్స్ రోడ్డు పక్క సందులో టైర్ల షాపతనేమో "13 సైజు రేడియల్ వేసేయండి సార్, అరగంటలో పంపించేస్తా" అన్నాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. మిగతా సగం తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

నేను తేల్చుకున్నది ముందే చెప్పేస్తాను. రోడ్డు మీద నడిపే బండికి రేడియల్సే వెయ్యండి. అయితే ఆ రేడియల్ పాత టైరంత సన్నగా, దాదాపు అంతే ఎత్తుగా ఉండాలి. పాతదా కొత్తదా అన్న వాదన కంటే టైరు వెడల్పు సంగతి చాలా పెద్దది. పాత కార్లను పాడుచేస్తున్న టైర్లలో ఎక్కువ భాగం రేడియల్ అయినందుకు కాక, వెడల్పైనందుకే పాడుచేస్తున్నాయి.

లోపల ఏముంది

మనవాళ్లు నైలాన్ టైరు అనేదాన్నే కంపెనీలు క్రాస్ ప్లై అంటాయి. దాని లోపలి పొరల్లో దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకి ఏటవాలుగా వెళ్తాయి. పై పొర దారాలు వాటికి ఎదురు వాలులో పడతాయి, నులక మంచం అల్లినట్టు. అందుకే పక్క గోడ వంగితే కింద నేలను పట్టుకున్న బటన్ల భాగం కూడా దానితో పాటు మెలి తిరుగుతుంది. రేడియల్‌లో దారాలు అంచు నుంచి అంచుకి తిన్నగా ఉంటాయి. బటన్ల కింద మాత్రం ఉక్కు తీగల పట్టీ చుట్టూ తిరుగుతుంది, ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించినట్టు. పక్క గోడ ఎంత వంగినా కింది భాగం నేలకు పరుచుకునే ఉంటుంది.

మిగతా తేడాలన్నీ దీన్నుంచే వస్తాయి. రేడియల్ మలుపులో ఎక్కువ పట్టుకుంటుంది. తడి రోడ్డు మీద త్వరగా ఆగుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. నైలాన్ టైరు రోడ్డు మీద ఏ గాడి ఉంటే ఆ గాడిలోకి లాగుతుంది. మైలాపూర్ లజ్ దగ్గర మెట్రో పనుల కోసం పరిచిన ఇనప పలకల అంచు మీదకి ముందు చక్రం ఎక్కినప్పుడల్లా స్టీరింగ్ నా చేతిలోంచి పక్కకి గుంజేది. ఆ చోటు దాటేదాకా ఒకటే టెన్షన్.

ఇంకో సంగతి. నైలాన్ దారం నడిచినప్పుడు వేడెక్కి మెత్తబడుతుంది, నిలిపాక చల్లారి ఉన్న ఆకారంలో బిగుస్తుంది. వారం రోజులు కదలని కారును ఆదివారం పొద్దున బయటికి తీస్తే నాలుగు టైర్లకీ కింద చదునైన మచ్చ ఉంటుంది. మొదట్లో దడదడమని సీటు అదిరేది. పాండీ బజార్ దాటి తేనాంపేట సిగ్నల్ చేరేసరికి టైర్లు వేడెక్కి మళ్ళీ గుండ్రంగా అయ్యేవి, చప్పుడు ఆగేది. చక్రం బ్యాలెన్స్ పోయిందనుకుని ఒకసారి డబ్బులిచ్చి బ్యాలెన్సింగ్ కూడా చేయించాను. అందులో ఏ తప్పూ లేదు, అది నైలాన్ స్వభావం.

నైలాన్ వైపు చెప్పాల్సింది కూడా ఉంది. పార్కింగ్‌లో స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది, పవర్ స్టీరింగ్ లేని బండికి అది చిన్న సుఖం కాదు. మలుపులో పట్టు ఒక్కసారిగా తెగిపోదు. ముందు కొంచెం జారుతుంది, మనకి తెలుస్తుంది, సర్దుకోవచ్చు. ఆ కాలంలో స్ప్రింగులు, డ్యాంపర్లు, స్టీరింగ్ లింకులు తయారు చేసినవాళ్లు ఈ జారుడును లెక్కలో పెట్టుకునే చేశారు. బాబాయి ఈ మాటే తనదైన తీరులో అనేవాడు: "బండి మనతో మాట్లాడుతుందిరా." నిజమే. పొడి రోడ్డు మీద గంటకు 50లో వెళ్తుంటే ఆ మాట వినడం బాగుంటుంది. నవంబరు వానలో సైదాపేట దగ్గర ముందు బస్సు గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రం నాకు ఆ మాటలు వద్దు, బండి ఆగితే చాలు. హెరాల్డ్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ఆ బ్రేకులు పట్టినంత మేరా రోడ్డు మీద పనిచేయాలంటే టైరు మంచిదై ఉండాలి.

మద్రాసులో పుట్టిన బండికి "అసలు టైరు" ఏది?

పాత కారు అనగానే చాలామందికి తెల్ల పట్టీ ఉన్న టైర్లు గుర్తొస్తాయి. పెద్ద పెద్ద అమెరికన్ బళ్ళకి అవి నిజంగా నప్పుతాయి. మన హెరాల్డ్ సంగతి వేరు. ఇది ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్ ఆధారంగా 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ తయారుచేసిన బండి. మా ఇంట్లో 1971లో తీసిన ఒక ఫోటో ఉంది, పిన్ని బానెట్‌కి ఆనుకుని నిలబడింది. టైరు మీద పేరు చదవలేం కానీ తెల్ల పట్టీ లేని మామూలు నల్ల టైరేనని స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ రోజుల్లో దిగుమతి టైర్లు అందరికీ దొరికేవి కావు. బెంగాల్ సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ ఉండేది. మన ఊళ్ళోనే ఎంఆర్‌ఎఫ్ ఉంది. 1946లో తిరువొత్తియూరులో బొమ్మ బెలూన్లు చేసే షెడ్డుగా మొదలై, 1952లో ట్రెడ్ రబ్బరులోకి దిగి, 1960ల మొదట్లో అమెరికా మాన్స్‌ఫీల్డ్ కంపెనీతో కలిసి టైర్లు చెయ్యడం మొదలుపెట్టింది. కాబట్టి "అసలు ఎలా ఉండేదో అలాగే" కావాలనుకునేవాళ్లు మన దేశంలో తయారైన కారుకు తెల్ల పట్టీ టైర్లు వెతకనక్కర్లేదు. సన్నటి, ఎత్తైన నల్ల టైరు, దాని మధ్యలో తళతళలాడే వీల్ కప్పు చాలు. ఆ రూపం సన్నటి రేడియల్‌తో కూడా దాదాపు అలాగే వస్తుంది. బాబాయి కొంచెం మెత్తబడింది ఈ ఫోటో చూపించాకే.

రేడియల్ అనేది నిన్నమొన్నటిదని కూడా అనుకోవద్దు. మిషెలిన్ కంపెనీ దానికి పేటెంట్ తీసుకున్నది 1946లో, అమ్మకానికి పెట్టింది 1949లో. మా హెరాల్డ్ పుట్టేనాటికి యూరప్‌లో రేడియల్ టైరుకి ఇరవై ఏళ్లు. 1965లో వచ్చిన మిషెలిన్ ఎక్స్‌ఏఎస్, పిరెల్లీ చింతురాతో లాంటివి అప్పటి మంచి కార్లకు మామూలుగా వేసినవే. అంటే 1960ల యూరప్ బండికి రేడియల్ వేసినా కాలానికి తప్పు చేసినట్టు కాదు.

వెడల్పు టైరు ఎందుకు ప్రమాదం

హెరాల్డ్ వెనక వైపు స్వింగ్ యాక్సిల్ ఉంటుంది. వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె (డిఫరెన్షియల్) దగ్గర ఒక కీలు, అక్కడి నుంచి చక్రం దాకా ఒక కడ్డీ. చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడు కడ్డీతో పాటు వాలిపోతుంది, తలుపు రెక్క తిరిగినట్టు. మలుపులో వేగంగా వెళ్తూ హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం పైకి లేస్తుంది. బయటి వైపు చక్రం అడుగు లోపలికి ముడుచుకుంటుంది. అది ముడుచుకున్నాక బండి వెనక భాగం జారుతుంది, ఆ జారుడు సర్దుకోవడానికి వ్యవధి ఉండదు. చెన్నై దగ్గర షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగే రోజుల్లో హెరాల్డులు అలా ముడుచుకోవడం బాబాయి కళ్ళారా చూశాడు. ఇప్పటికీ చేతిని వంచి చూపిస్తాడు, మణికట్టు లోపలికి తిప్పి.

ఇక్కడే టైరు ఎంపిక ముఖ్యం. చక్రాన్ని ముడిచేది నేల దగ్గర టైరు పట్టే పట్టు. నైలాన్ టైరు ఆ స్థాయి దాకా పట్టుకోకుండా ముందే జారిపోతుంది. వెడల్పైన ఆధునిక రేడియల్ గట్టిగా పట్టుకుని చక్రం బండి కిందకి దూరేదాకా వదలదు. అంటే ఎక్కువ పట్టు ఉన్న టైరు ఈ ఒక్క విషయంలో బండిని ప్రమాదంలోకి నెట్టవచ్చు. సన్నటి రేడియల్‌తో ఆ సమస్య అదుపులో ఉంటుంది. వెనక టైర్లలో ముందు కంటే గాలి ఎక్కువ పెట్టాలి. మలుపులోకి వెళ్ళే ముందే వేగం తగ్గించుకోవాలి, మధ్యలో కాలు తియ్యకూడదు. నేను ముందు 24, వెనక 28 పీఎస్‌ఐ పెట్టుకున్నాను, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి.

ఇది హెరాల్డ్‌కి మాత్రమే సంబంధించిన ముచ్చట అనుకోవద్దు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ పాత మోడళ్లకూ వెనక స్వింగ్ యాక్సిలే. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి బళ్ళకు వెనక గట్టి యాక్సిల్ ఉంటుంది కాబట్టి ఈ ముడుచుకోవడం ఉండదు. అయినా వెడల్పు టైరు ఇంకో రకంగా దెబ్బ తీస్తుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి రేకుకి రాసుకుంటుంది. ఏభై ఏళ్ల నాటి రిమ్ముల మీద, బేరింగుల మీద, బాల్ జాయింట్ల మీద అవి ఎన్నడూ మొయ్యని బరువు పడుతుంది. హెరాల్డ్ ముందు చక్రాల దగ్గర, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే కీలుగా ట్రనియన్ అనే భాగం ఉంటుంది. దానికి గ్రీజు కాకుండా గేర్ ఆయిల్ పొయ్యాలి. అది ఎండిపోయిన బండికి పట్టు ఎక్కువున్న టైర్లు వేస్తే ట్రనియన్ దగ్గర విరిగే ప్రమాదం ఉంది. రేడియల్స్ కొనే ముందు ఆయిల్ పోయించి, రిమ్ములు విప్పి, బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లున్నాయేమో కిరోసిన్‌తో కడిగి చూడండి. మా అయిదు రిమ్ముల్లో ఒకదానికి పగులు కనిపించింది. రంగు కింద దాగి ఉంది.

సైజు ఎలా చూడాలి

పాత టైరు మీద 5.20-13 అని ఉంటే, టైరు వెడల్పు 5.20 అంగుళాలు, రిమ్ము 13 అంగుళాలు. మధ్యలో గీత ఉంటే నైలాన్. 145/80 ఆర్13 అని ఉంటే వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, ఆర్ అంటే రేడియల్. పాత బండికి ఆ రెండో అంకె 80 ఉండేలా చూసుకోండి. 65, 60 అంటే పొట్టి టైరు. బండి కూర్చుండిపోయినట్టు కనిపిస్తుంది, గుంటలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకి తగులుతుంది.

హెరాల్డ్‌కి 145/80 ఆర్13 సరిపోతుంది. ఇది కొత్త ఆల్టో కె10కి వచ్చే సైజే కాబట్టి ఏ షాపులోనైనా తాజా స్టాక్ దొరుకుతుంది, ఒక్కోటి 3,000 నుంచి 4,000 రూపాయల మధ్యలో. దాని మీద 75 అనే లోడ్ అంకె ఉంటే ఒక్కో టైరు 387 కిలోలు మోస్తుంది. 800 కిలోల చుట్టూ ఉండే బండికి అది బోలెడు. లెక్క ప్రకారం దీని మొత్తం ఎత్తు 562 మి.మీ. పాత నైలాన్ టైరు ఇంతకంటే కాస్త పెద్దది. ఎంత పెద్దదో నేను సుద్దముక్కతో కొలిచాను. టైరు కింద, నేల మీద ఒకే చోట గీత గీసి, బాబాయిని లోపల కూర్చోబెట్టి, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా బండిని తోసి, రెండో గీత గీసి టేపు పెట్టాను. నైలాన్‌తో 176 సెంటీమీటర్లు, రేడియల్‌తో 171 వచ్చింది. అంటే దాదాపు 3 శాతం తేడా. స్పీడోమీటర్ ముల్లు నిజం కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది, దానితో ఇబ్బంది లేదు. 155/80 ఆర్13 ఎత్తులో పాత టైరుకి ఇంకా దగ్గర. కానీ దానికి కనీసం 4 అంగుళాల రిమ్ము కావాలి, హెరాల్డ్ పాత రిమ్ములు మూడున్నర అంగుళాలే. నాలుగున్నర అంగుళాల రిమ్ములకు మార్చుకున్నవాళ్లు మాత్రమే అటు చూడాలి.

పద్మినికి అసలు సైజు 5.20-14. స్విఫ్ట్ చిన్న మోడళ్లకు వచ్చే 165/80 ఆర్14 ఎత్తు 620 మి.మీ., పాతదాని కంటే కాస్త ఎక్కువ. వేసుకోవచ్చు, కానీ స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, బండిలో నలుగురిని కూర్చోబెట్టి, ఎక్కడా రాసుకోవడం లేదని చూశాకే డబ్బులివ్వండి. అంబాసిడర్‌ది 5.90-15. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. 15 సైజు రేడియల్ అని అడిగితే షాపులో బొలెరోకి వేసే 215/75 ఆర్15 తెచ్చి ముందు పెడతారు. అది ఆ రిమ్ముకి చాలా వెడల్పు. 165/80 లాంటి సన్నటిది దొరికేదాకా ఆగండి, తొందర పడొద్దు.

6.00-16 సంగతి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. 1940ల షెవర్లే కార్లకు, పాత విల్లీస్ జీపులకు ఈ సైజు. మన దేశంలో ఇప్పటికీ దొరుకుతుంది కాబట్టి సంతోషిస్తాం. కానీ ట్రాక్టరు ముందు చక్రాలకీ ఇదే సైజు. పక్కపక్కన పెడితే అంకె ఒకటే. ట్రాక్టరు టైరు మీద చుట్టూ పొడవునా మూడు గట్టులు లేచి ఉంటాయి, సైడ్ వాల్ మీద ఏ6 అనో ఏ8 అనో ఉంటుంది. ఏ6 అంటే గంటకు 30 కి.మీ., ఏ8 అంటే 40 కి.మీ. అంతకు మించి నడపడానికి అది తయారు కాలేదు. దాన్ని కారుకు వేసి ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కకండి.

రేడియల్ వద్దనాల్సిన బళ్ళు

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కార్ల విషయంలో నా సలహా పూర్తిగా నైలాన్ వైపు మారుతుంది. 1928, 1929 ఫోర్డ్ మోడల్ ఏ టైరు 4.50-21. ఆస్టిన్ సెవెన్‌ది 3.50-19. ఆ తీగ చక్రాలకు, ఆ సన్నటి రిమ్ములకు నైలాన్ పద్ధతి టైరే సరి. అమెరికాలో కోకర్, ఇంగ్లండులో బ్లాక్లీ లాంటి కంపెనీలు పాత రూపంలో కొత్తగా చేస్తున్న టైర్లున్నాయి. రూపం పాతది, రబ్బరు తాజాది, అక్కడ కావలసింది అదే.

ప్రదర్శనకి మాత్రమే వెళ్ళే బండి కూడా అంతే. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజను మార్చకుండా ఉన్న బండిని వింటేజ్‌గా వీఏ సిరీస్‌లో రిజిస్టరు చేసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు. అలా చేస్తే బండిని రోజువారీ రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి తీసుకెళ్ళవచ్చు. మీ బండి ఆ దారిలో ఉంటే నైలాన్ టైర్లు వేసుకుని కళ్ళారా చూసుకోండి, దానిలో నష్టం లేదు. మేము మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉంచుకున్నాం, అప్పుడప్పుడు మహాబలిపురం వెళ్తాం కాబట్టి.

మూడో దారి కూడా ఒకటుంది: పాత బటన్ల డిజైనుతో, ఎత్తైన పక్క గోడతో చేసిన రేడియల్. నెదర్లాండ్స్‌కి చెందిన వ్రెడెస్టైన్ వాళ్ల స్ప్రింట్ క్లాసిక్ ఇలాంటిదే. ఆ కంపెనీని 2009లో మన అపోలో టైర్స్ కొన్నది. యూరప్ బండి ఉండి, డబ్బుకి వెనకాడని వాళ్లకు నా మొదటి సలహా ఇదే. అయితే విదేశాల నుంచి తెప్పించుకోవడం అంత తేలిక కాదు. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది, లైసెన్సు కావాలి. ఆర్డరు పెట్టి డబ్బు కట్టే ముందే కస్టమ్స్ పని చేసే ఏజెంటుతో మాట్లాడండి. పోర్టులో సరుకు ఇరుక్కుంటే రోజూ డెమరేజ్ (ఆలస్యానికి నిల్వ రుసుము) కట్టాలి, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇక్కడి షాపుల్లో మూలన పడి ఉన్న పాత నైలాన్ స్టాక్ చూసి మురిసిపోవద్దు. నాకు 5.20-13 టైర్లు దొరికాయి, కాగితం కూడా ఊడలేదు, ధర కూడా తక్కువ. తిప్పి చూస్తే తేదీ దగ్గర మూడంకెలే ఉన్నాయి. మూడంకెలుంటే అది 2000కి ముందు తయారైనది. ఆ తర్వాతివాటికి నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. వాడకుండా మూలన పెట్టినా రబ్బరు గట్టిపడుతుంది. పదేళ్లు దాటిన టైరు ఎంత కొత్తగా కనిపించినా నేను బండికి ఎక్కించను.

ట్యూబు, స్టెప్నీ, గాలి

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పాత రిమ్ములకు అంచును పట్టి ఉంచే గట్టు లోపల ఉండదు కాబట్టి ట్యూబ్‌లెస్ టైరైనా లోపల ట్యూబు వేసుకోవాలి. షాపులో అలాగే వేశారు. రెండు నెలలకు ముట్టుకాడు వంతెన దాటగానే వెనక ఎడమ టైరు ఒక్కసారిగా దిగిపోయింది. మేకూ లేదు, ముల్లూ లేదు. పంచరు కుర్రాడు ట్యూబు బయటికి తీసి ఎండలో పట్టుకుంటే ఒక చోట అగ్గిపెట్టె అంత చతురస్రం గరుకుగా, పల్చగా అరిగిపోయి ఉంది. టైరు లోపల బార్‌కోడ్ స్టిక్కర్ అతికించి ఉంది, దాని అంచులు ట్యూబును రెండు నెలల పాటు రాసి రాసి చిల్లు చేశాయి. ఆ షాపు వాళ్లు అది పీకకుండానే ట్యూబు ఎక్కించారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నాకూ తెలియలేదు.

అందుకే ట్యూబు ఎక్కించే ముందు మీరే టైరు లోపల చెయ్యి పెట్టి తడమండి. స్టిక్కర్లన్నీ పీకించండి, జిగురు తుడిపించండి, పౌడరు చల్లించండి. ట్యూబు రేడియల్‌కి పనికొచ్చేదేనని దాని మీద రాసి ఉందో లేదో చూడండి. రిమ్ములో వాల్వు రంధ్రం పెద్దదిగా ఉండి ట్యూబు వాల్వు సన్నగా ఉంటే అది కదిలి మొదలు దగ్గర తెగుతుంది, సరిపోయే వాల్వున్న ట్యూబే అడగండి.

ఒకే బండికి కొన్ని నైలాన్, కొన్ని రేడియల్ వెయ్యొద్దు. ముందు రేడియల్, వెనక నైలాన్ అయితే మరీ ప్రమాదం. ముందు పట్టుకుంటుంది, వెనక జారుతుంది, తడి రోడ్డు మీద బండి గిరుక్కున తిరుగుతుంది. తప్పనిసరి అయితే వెనక రెండూ రేడియల్, ముందు రెండూ నైలాన్, అదీ ఇంటికి చేరేదాకానే. ఈ లెక్కన స్టెప్నీని కూడా వదలకూడదు. నాలుగు రేడియల్స్ కొని డిక్కీలో పాత నైలాన్ ఉంచితే పంచరైన రోజు మీరే కలగాపులగం చేసుకున్నట్టు. అయిదూ కొనండి.

గాలి విషయంలో పాత మాన్యువల్‌లో ఉన్న అంకె నైలాన్‌కి రాసినది. రేడియల్‌కి దాని మీద రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, బటన్లు మధ్యలో అరుగుతున్నాయా అంచుల్లో అరుగుతున్నాయా చూసి సర్దుకోవాలి. పక్క గోడ కొంచెం ఉబ్బి కనిపించడం రేడియల్‌కి మామూలే. అది చూసి పెట్రోలు బంకు కుర్రాడు 35 కొట్టేస్తాడు, కొట్టనివ్వకండి. వీల్ అలైన్‌మెంట్ కూడా కొత్తగా చూపించాలి. నైలాన్ టైర్లకు ముందు చక్రాలను లోపలికి తిప్పి పెట్టినంత రేడియల్స్‌కి అక్కర్లేదు.

టైర్లు మార్చిన రోజు సాయంత్రం అడయార్ దాకా వెళ్లొచ్చాం. ఇంటికి రాగానే బాబాయి దిగి డిక్కీలోంచి వీల్ స్పానర్ తీశాడు. "కొత్త టైర్లు పడ్డాక నట్లు ఒకసారి బిగించాలిరా" అని, ఎదురెదురు నట్లు చొప్పున, ఒక్కో చక్రం దగ్గరా ఆగి నాచేత బిగింపించాడు. వెనక కుడి చక్రంలో ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. 50 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ చూశాం, అప్పుడు ఏదీ కదల్లేదు.